రెండో సిలిండర్ మిస్ అవుతోంది, కాయిల్ మార్చి చూసినా కోడ్ కదలట్లేదు

తెల్లబండి

అందరికీ నమస్తే. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేది) కూర్చునే రకం. పది రోజుల నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతోంది, స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. ఐదు నిమిషాలయ్యాక కొంచెం సర్దుకుంటుంది గానీ ఎత్తు ఎక్కేటప్పుడో, నాలుగో గేరులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో బండి కుదుపులు కుదుపులుగా లాగుతుంది, పికప్ అస్సలు ఉండదు. నిన్న అలా తొక్కినప్పుడు చెక్ ఇంజిన్ లైటు అరనిమిషం పాటు ఆగి ఆగి వెలిగింది, ఆ తర్వాత ఆరకుండా అలాగే ఉండిపోయింది.

చిన్న ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్లో పడిన కోడ్లు చదివేది) పెట్టి చూస్తే పీ0302 వచ్చింది, అంటే రెండో సిలిండర్ మిస్ (సరిగ్గా మండకపోవడం) అని. రెండో కాయిల్ తీసి మూడులో, మూడోది రెండులో పెట్టి, కోడ్ చెరిపేసి ఒక రౌండు తిరిగొచ్చా. మళ్లీ పీ0302నే. అంటే కాయిల్ బాగున్నట్టే కదా? ప్లగ్గులు మార్చి ముప్పై వేల కిలోమీటర్లు కూడా కాలేదు. మరి ఇంజెక్టరా, లోపల వాల్వ్ ఏమన్నా పోయిందా అని టెన్షన్‌గా ఉంది. చూపిస్తే ఒక మెకానిక్ నాలుగు కాయిల్స్, నాలుగు ఇంజెక్టర్లు కలిపి మార్చేద్దాం అన్నాడు. ఏది పోయిందో చెప్పకుండా అన్నీ మార్చడం నాకు నచ్చలేదు. సాకెట్ సెట్, మల్టీమీటర్ ఉన్నాయి, కాస్త పని చేసిన అలవాటు కూడా ఉంది. ఏది ముందు చూడాలో చెప్పండి. ఇంకో విషయం, రోజూ బండి కావాలి, ఇలాగే నడిపితే ఏమన్నా అవుతుందా?

రాత్రిడ్యూటీ

మీ చివరి ప్రశ్నకి ముందు చెప్తా, ఎందుకంటే అదే అన్నిటికన్నా అర్జెంటు. లైటు ఆరకుండా వెలగడం వేరు, ఆగి ఆగి వెలగడం వేరు. ఆగి ఆగి వెలిగిందంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే భాగం) దెబ్బతినేంతగా మిస్ అవుతోందని బండే మీకు చెప్తున్నట్టు. సిలిండర్లో మండకుండా మిగిలిన పెట్రోల్, గాలి రెండూ పొగగొట్టంలోకి పోయి కన్వర్టర్ లోపల మండుతాయి. ఆ వేడికి లోపలున్న తేనెపట్టు లాంటి దిమ్మ కరిగి మూసుకుపోతుంది. కాయిల్‌తో పోయే పని కన్వర్టర్ దాకా వెళ్తే దాని లెక్కే వేరు. కాబట్టి అలా వెలగగానే యాక్సిలరేటర్ వదిలేయండి, తగ్గకపోతే పక్కకి ఆపేయండి. బాగయ్యే వరకు బండి తీయకపోతే ఇంకా మంచిది, తప్పనిసరి అయితే దగ్గరి దూరాలకే, ఇంజిన్ మీద బరువు పడకుండా మెల్లగా వెళ్లండి.

స్కానర్ కోడ్ ఎంతవరకు నమ్మాలో కూడా చెప్తా. స్పార్క్ వచ్చిందా లేదా అని బండిలో కంప్యూటర్ నేరుగా చూడదు, చాలా బళ్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వేగం చెప్పే సెన్సర్‌ని చూస్తుంది. ఐడిల్లో 800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండాలి, మండిన ప్రతిసారీ క్రాంక్‌కి ఒక తోపు పడుతుంది. ఏ సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ తోపు పడక వేగం తగ్గిందో చూసి దాని నంబర్ రాస్తుంది, అంతే. కాబట్టి పీ0302 అంటే రెండోది సరిగ్గా మండట్లేదని మాత్రమే. ఎందుకు మండట్లేదో ఆ కోడ్‌కి తెలీదు. స్పార్క్ కావచ్చు, పెట్రోల్ కావచ్చు, గాలి కావచ్చు, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కావచ్చు.

పానాలపెట్టె

తమ్ముడూ, నువ్వు చేసిన పని కరెక్టే, కాకపోతే సగమే చేశావు. కాయిల్ కదిలించావు, ప్లగ్ మాత్రం అక్కడే ఉంది. ఒక్కొక్కటే కదిలిస్తూ పో, మిస్ దేనితో పాటు కదులుతుందో చూడు, అదే దొంగ. మిస్ ఎందుకు వస్తోందో కనుక్కోవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలీదు.

మొదలుపెట్టే ముందు రెండు చిన్న విషయాలు. ఒకటో సిలిండర్ ఏ వైపు నుంచి మొదలవుతుందో మాన్యువల్లో చూసుకో. ఎక్కువ బళ్లలో టైమింగ్ చైన్ ఉన్న వైపు నుంచే లెక్క, కానీ నాలుగుని ఒకటి అనుకుని, మూడుని రెండు అనుకుని పని చేసిన వాళ్లని చూశా. ఇక స్కానర్లో ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత అని. ఈసారి కోడ్ చెరిపే ముందు అది రాసుకో, చెరిపితే అదీ పోతుంది.

ఇప్పుడు ప్లగ్. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి, హెడ్ అల్యూమినియంది, వేడి మీద తిప్పితే మర ఊడొస్తుంది. కాయిల్ తీశాక వెంటనే సాకెట్ దింపకుండా ముందు టార్చ్ వేసి ఆ హోల్ లోపల చూడు. దుమ్ముంటే గాలి కొట్టి ఊదెయ్, నీళ్లో ఆయిలో ఉంటే ప్లగ్ విప్పకముందే తీసెయ్యాలి, లేదంటే ప్లగ్ రాగానే అదంతా సిలిండర్లోకి దిగుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు.

ప్లగ్ బయటికి వచ్చాక అందరూ కింద మొననే చూస్తారు. అదీ చూడాలి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే బాగా మండుతున్నట్టు, పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు, పెట్రోల్ తడి ఉంటే స్పార్క్ లేనట్టు, జిడ్డుగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తున్నట్టు. కానీ నీ బండికి నేను ముందు చూసేది పైన తెల్ల పింగాణీ భాగం. దాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురులో పట్టుకుని చుట్టూ మెల్లగా తిప్పు. పెన్సిల్‌తో గీసినట్టు పై నుంచి కిందకి సన్నటి నల్ల గీత ఒకటి కనిపిస్తే, గోరుతో గీకినా పోకపోతే, స్పార్క్ లోపలికి పోకుండా ఆ దారిలో పక్కకి దూకుతున్నట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ మిస్ అవడానికి కూడా అది సరిపోయే కారణం. తొక్కినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి, బయట తేలిక దారి దొరికితే కరెంటు అటే పోతుంది. ఆ గీతకి ఎదురుగా కాయిల్ రబ్బరు బూట్ (ప్లగ్ మీద తొడిగే గొట్టం) లోపల కూడా మచ్చ ఉంటుంది, చూడు.

గీత లేకపోతే రెండో ప్లగ్‌ని నాలుగులో, నాలుగోది రెండులో వేసి చూడు. గీత ఉంటే మాత్రం ఇంకో సిలిండర్లో వెయ్యకు, అక్కడి బూట్ కూడా పాడవుతుంది.

ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు పానాతో మొదలుపెట్టకు. ప్లగ్ వెనక తలకి బెత్తెడు రబ్బరు ట్యూబ్ ముక్క తొడిగి, ట్యూబ్ పట్టుకుని వేళ్లతో తిప్పుతూ దింపు. మర సరిగ్గా పట్టకపోతే ట్యూబే జారుతుంది గానీ మర చెడదు. చేత్తో చివరిదాకా దిగాకే పానా. వాషర్ ఉన్న కొత్త ప్లగ్ అయితే అక్కడి నుంచి సుమారు అర చుట్టు, టార్క్ రించ్ ఉంటే మాన్యువల్లో ఉన్న అంకె. ఇరిడియం ప్లగ్ అయితే మొనని వైర్ బ్రష్‌తో రుద్దకు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు ఇంజెక్టర్. ఇంజిన్ ఆపి, కనెక్టర్ పీకి, మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడు, మామూలు పోర్ట్ ఇంజెక్టర్లకి 12 నుంచి 16 దాకా వస్తుంది. అంకె కన్నా పక్క మూడింటితో పోలిక ముఖ్యం. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనించి విను, నాలుగూ ఒకేలా టిక్ టిక్ మనాలి. బెల్టులకి, ఫ్యానుకి దూరంగా, వదులు బట్టలు లేకుండా.

కంప్రెషన్ చివర్న. అది ఇప్పుడే తలకెత్తుకోకు.

గాలిమాట

అన్న చెప్పింది బాగుంది, కానీ గాలి లీకు కూడా మనసులో పెట్టుకోండి. నాకు సరిగ్గా ఇలాగే చలిలో వణికి, వేడెక్కాక సర్దుకునేది. నేను ప్లగ్గులు మార్చా, కాయిల్ మార్చా, ఏమీ తేడా లేదు. చివరికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక సిలిండర్ దగ్గర గట్టిపడి, చల్లగా ఉన్నప్పుడు సందు ఇస్తోంది. వేడికి లోహం వ్యాకోచించాక ఆ సందు మూసుకుంటోంది. మూడు వారాలు వృథా చేశా, స్కానర్లో ఒక్క అంకె చూసుంటే మొదటి రోజే తెలిసేది.

ఆ అంకె పేరు ఫ్యూయల్ ట్రిమ్, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్తుంది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి, రెండూ కలిపి చూడండి. మామూలుగా సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటుంది. ఐడిల్లో ప్లస్ ఇరవై దాకా ఉండి, 2500 ఆర్‌పీఎంకి లేపి పట్టుకుంటే సున్నా వైపు దిగితే అది గాలి లీకు. ఎందుకంటే ఐడిల్లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగగాలి వాటా పెద్దది. దానికి ఉల్టాగా, పైకి లేపేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్, ఫిల్టర్, ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు చూడాలి.

లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టమని చాలాచోట్ల చెప్తారు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కన అది మంటే. నేను స్ప్రే సీసాలో మామూలు నీళ్లు పోసి ప్యాకింగ్ అంచుల వెంట కొద్దికొద్దిగా కొట్టా, కాయిల్ కనెక్టర్ల మీద పడకుండా. లీకున్న చోట పడగానే ఇంజిన్ శబ్దం ఒక్క క్షణం మారింది.

పానాలపెట్టె

@గాలిమాట మంచి మాట, ట్రిమ్ చూడటానికి బానెట్ కూడా ఎత్తక్కర్లేదు, అది ముందే చేయొచ్చు. నాకు మాత్రం ఈ బండిలో లోడ్ మీద ఎక్కువ మిస్ అవుతోంది కాబట్టి స్పార్క్ మీదే అనుమానం. గాలి లీకైతే ఐడిల్లో ఎక్కువ, తొక్కితే తగ్గాలి.

పాతమోడల్

మధ్యలో వస్తున్నందుకు సారీ, నాది డిస్ట్రిబ్యూటర్ (ఒకే కాయిల్ కరెంటుని వంతుల వారీగా ప్లగ్గులకి పంచేది), ప్లగ్ వైర్లు ఉన్న పాత బండి. కాయిల్ మార్చి చూడటం నాకు కుదరదు. వర్షంలో తడిసినప్పుడల్లా మిస్ అవుతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కో వైరు పీకి చూడమని మా ఇంటి పక్కన ఆయన చెప్పారు, చేయొచ్చా?

పానాలపెట్టె

వద్దు బాబూ. ఆ వైర్లలో ఇరవై, ముప్పై వేల వోల్టులు ఉంటాయి, రబ్బరు పాతదైతే నీ చేతికే కొడుతుంది. కొన్ని బళ్లలో ఇగ్నిషన్ మాడ్యూల్ కూడా కాలిపోతుంది. నీకు తేలిక దారి ఉంది. చీకటి పడ్డాక, లైట్లన్నీ ఆపేసి, బయటే బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూడు. వైరు చీలిన చోట నీలం రంగు మెరుపు ఇంజిన్ మీదకి దూకుతూ కనిపిస్తుంది, టిక్కుమని వినిపిస్తుంది కూడా. ఏమీ కనిపించకపోతే వైర్ల మీద స్ప్రే సీసాతో నీళ్లు పల్చగా మంచులా పట్టించి మళ్లీ చూడు, చేతులు దూరంగా పెట్టుకుని. వర్షంలో వచ్చే మిస్ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల కూడా తడి, సన్న పగులు, ఇందాక చెప్పిన నల్ల గీత ఉన్నాయేమో చూడు.

తెల్లబండి

అన్నా, దొరికింది అనుకుంటా!

ముందు ట్రిమ్ చూశా, ఐడిల్లో ప్లస్ నాలుగు, 2500 దగ్గర ప్లస్ మూడు. అంటే గాలి లీకు లేనట్టే. తర్వాత ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్ లాగా. మొన్న మార్చినప్పుడు తొందరలో చూసుకోలేదు, ఈసారి చూస్తే బూట్ చివర అంతా జిడ్డు. టార్చ్ వేస్తే హోల్ అడుగున ఆయిల్ నిలిచి మెరుస్తోంది, ప్లగ్ షట్కోణం భాగం మునిగిపోయి ఉంది. సిరంజికి సన్న పైపు తొడిగి లాగేశా, మిగిలింది స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి నాలుగైదుసార్లు అద్దా. అప్పుడు ప్లగ్ తీశా. పింగాణీ తుడిచి తిప్పుతుంటే మీరు చెప్పిన గీతే, వెంట్రుక మందాన నల్లగా, కొంచెం వంకరగా పై నుంచి లోహం దాకా ఉంది. చూడగానే ఒళ్లు జలదరించింది, ఇన్నాళ్లూ కరెంటు అటు నుంచి పోతోందన్నమాట. కింద మొన మాత్రం పెట్రోల్ వాసనతో తడిగా ఉంది.

మూడు, నాలుగు హోల్స్ పొడిగా ఉన్నాయి. ఒకటిలో కొంచెం తడి. కొత్త ప్లగ్ వేస్తే అయిపోతుందా? ఇంకో డౌట్, మొదట రెండులో ఉన్న కాయిల్ ఇప్పుడు మూడులో ఉంది కదా, దాని బూట్ నొక్కితే మిగతా వాటికన్నా మెత్తగా, కొంచెం ఉబ్బినట్టు ఉంది.

పానాలపెట్టె

శభాష్. నువ్వు ఆ మూడోదాని గురించి అడగడం చాలా మంచిదైంది. ఆయిల్‌లో నానిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఇక కరెంటుని ఆపలేదు. ఆ బూట్ లోపల కూడా గీత పడి ఉంటుంది, అది మూడో ప్లగ్ మీద కూర్చుంది కాబట్టి ఇంకొన్నాళ్లలో పీ0303 మొదలయ్యేది. నీ కాయిల్ పరీక్ష తప్పుదారి పట్టించింది కూడా అందుకే. దెబ్బ తిన్నది ప్లగ్, దాని మీదకి మంచి కాయిల్ తెచ్చి పెట్టినా కరెంటు పాత గీత వెంటే పోయింది. రెండు బూట్లూ మార్చు, ఇప్పుడు రెండులో ఉన్నది కూడా ఆయిల్‌లో మునిగింది. కొన్ని కాయిల్స్‌కి బూట్ విడిగా దొరుకుతుంది, లేకపోతే ఆ రెండింటికి కాయిల్స్‌తో సహా మార్చాలి. మూడో ప్లగ్ కూడా ఒకసారి తీసి పింగాణీ చూడు.

కొత్త ప్లగ్ వేస్తే బండి ఆ రోజే బాగా నడుస్తుంది, కానీ ఆయిల్ రావడం ఆగలేదు కదా. కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ. ఆ ఆయిల్ ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) కింద ప్లగ్ హోల్ చుట్టూ ఉండే రౌండు సీల్ దగ్గర నుంచి వస్తుంది. కొన్ని ఇంజిన్లలో అవి కవర్ ప్యాకింగ్‌తోనే కలిసి ఉంటాయి, కొన్నిట్లో విడిగా నొక్కి కూర్చోబెట్టేవి. సీల్స్, ప్యాకింగ్ కలిపి మార్చెయ్.

పని కష్టం కాదు, ఓపిక కావాలి. కవర్ ఎత్తకముందే చుట్టూ మట్టి తుడుచుకో, లోపల క్యామ్‌షాఫ్ట్ మీద ఒక్క రేణువు పడకూడదు. పాత ప్యాకింగ్ ముక్కలు లోహంతో గీకకుండా ప్లాస్టిక్ ముక్కతో తియ్యి. టైమింగ్ కవర్, హెడ్ కలిసే మూలల్లో చాలా బళ్లకి కొంచెం సీలెంట్ పెట్టమని ఉంటుంది, అది మర్చిపోతే అక్కడి నుంచి కారుతుంది. బోల్టులు మధ్యలోంచి బయటికి, రెండు విడతల్లో. ఇవి చిన్నవి, చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్ల దగ్గర, నీ బండి అంకె మాన్యువల్లో చూసుకో. కారుతుందేమో అని ఇంకొంచెం బిగించబోయి బోల్టు విరగ్గొట్టుకుంటే హెడ్‌లోంచి దాన్ని తీయడం నరకం.

ఇంకొకటి, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగు భాగం, అంటే క్రాంక్‌కేసులో చేరే ఆవిర్లని బయటికి లాగేది), దాని పైపు. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి సీల్స్‌లోంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. నీ బండిలో ఊపితే గలగలమనే రకమైతే తీసి ఊపి చూడు. శబ్దం లేకపోతే మార్చు, అప్పుడే కొత్త సీల్స్ నిలబడతాయి.

గాలిమాట

బూట్ తొడిగేటప్పుడు లోపలి అంచుకి డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పల్చగా రాయండి, మళ్లీ తీయాల్సి వస్తే రబ్బరు పింగాణీకి అంటుకోదు. ఎక్కువొద్దు, వేలికొస మీద చిటికెడు చాలు.

రాత్రిడ్యూటీ

ఇవన్నీ చేశాక కూడా రెండోది మిస్ అయితే అప్పుడు కంప్రెషన్ చూడండి. పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్టర్లన్నీ పీకి, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, అన్నిటికీ సమానంగా క్రాంక్ చేయాలి. బాగున్న పెట్రోల్ ఇంజిన్లో చాలావరకు 10 బార్ పైనే వస్తుంది, సిలిండర్ల మధ్య పది, పదిహేను శాతం కన్నా తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన దానిలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్. పక్కపక్క రెండూ తక్కువ వస్తే వాటి మధ్య గ్యాస్కెట్ మీద అనుమానం. మీకు అంత దూరం రాదనే అనుకుంటున్నా.

తెల్లబండి

అయిపోయింది. శనివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా పట్టింది, సగం టైము పాత ప్యాకింగ్ తీయడానికే. పాత సీల్ చేతిలోకి తీసుకుంటే రబ్బరు అని చెప్పలేం, ప్లాస్టిక్ గాజులా గట్టిగా ఉంది, వంచితే పుటుక్కున విరిగింది. పీసీవీ వాల్వ్ ఊపితే శబ్దం లేదు, అదీ మార్చా. రెండు బూట్లు విడిగా దొరికాయి. ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశా, మూడోదాని మీద గీత లేదు గానీ మనసొప్పలేదు.

స్టార్ట్ చేసి స్టీరింగ్ మీద చెయ్యి పెట్టా. వణుకు లేదు. స్కానర్లో ఒక్కో సిలిండర్ మిస్‌ఫైర్ లెక్క చూపించే చోటు మీ మాటలు చదివాకే కనిపెట్టా, ఇంతకుముందు రెండో దాని ఎదురుగా వందల్లో ఉండేది, ఎత్తు రోడ్డు రెండుసార్లు గట్టిగా ఎక్కించి వచ్చాక నాలుగింటికీ సున్నా. కన్వర్టర్ కోడ్ కూడా ఏమీ రాలేదు. నాలుగు ఇంజెక్టర్లు మార్చేసుంటే ఆ ఆయిల్ అలాగే ఉండేది కదా అని తలుచుకుంటే భయమేస్తోంది. అన్నా, మీకు చాలా థ్యాంక్స్. అందరికీ.

పానాలపెట్టె

చాలా సంతోషం తమ్ముడూ. ఒక్క పని మిగిలింది. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకటి, రెండు కాయిల్స్ తీసి హోల్స్‌లో టార్చ్ వేసి చూడు. ఇంజిన్ ఆయిల్ లెవెల్ కూడా చూసుకో, లీకై పోయినంత తగ్గి ఉంటుంది.

తెల్లబండి

ఈ రోజు చూశా అన్నా, ఆరొందలు తిరిగింది. రెండూ పొడిగా ఉన్నాయి, అడుగున ప్లగ్ లోహం కొత్తగా మెరుస్తూ కనిపిస్తోంది. ఆయిల్ పావు లీటరు పట్టింది.